అర అడుగు వెనక: ముంబైలో 21 కిలోమీటర్లు

జనవరి 16, 2025, గురువారం

నిన్ననే కనుమ. వాకిట్లో ముగ్గు కూడా ఇంకా చెరగలేదు, నేను మాత్రం మధ్యాహ్నానికల్లా నాంపల్లి స్టేషన్‌లో రెండు సంచులతో నిలబడ్డాను. ఒక సంచిలో పరుగు బూట్లు, రెండు జతల బట్టలు. రెండో దాంట్లో అమ్మ కట్టిచ్చిన సకినాలు, నువ్వుల ముద్దలు. ఆదివారం, అంటే 19న, టాటా ముంబై మారథాన్‌లో హాఫ్ మారథాన్ పరుగెత్తాలి. 21.097 కిలోమీటర్లు. నలభై ఒక్కేళ్ల వయసులో నాకిదే మొదటిది.

అక్క నాకంటే ముందే వచ్చి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో మా బెర్తుల దగ్గర సామాన్లు సర్దేసింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మూడేళ్ల కిందట ఒక బ్లడ్ బ్యాంకు బయట బెంచీ మీద పరిచయమైంది. ఆ రోజు మా చిన్నోడికి, అంటే మా చెల్లెలి కొడుక్కి, రక్తం ఎక్కించాలి. వస్తానన్న దాత రాలేదు. నేను ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ అందరికీ ఫోన్లు చేస్తుంటే, అప్పుడే రక్తం ఇచ్చి వచ్చి కూర్చున్న ఒకావిడ తన జ్యూస్ ప్యాకెట్ నా చేతిలో పెట్టి, "ముందు ఇది తాగు పిల్లా, తర్వాత అడుగుదువు, ఎవరికి, ఏం గ్రూపు?" అంది. బీ పాజిటివ్ అన్నాను. తనదీ అదే. మా వాడికి ఎక్కింది తన రక్తమో కాదో తెలియదు, బ్యాంకులో ఒకరిది ఒకరికి అని ఉండదు కదా. కానీ ఆ రోజు నుంచి నాలుగు నెలలకోసారి తను రక్తం ఇచ్చే ముందు నాకు ఫోన్ చేసి, "చిన్నోడికి ఎప్పుడుంది?" అని అడగడం మానలేదు.

చిన్నోడికి థలసీమియా మేజర్. తొమ్మిదేళ్లు. శరీరం సరిపడా హిమోగ్లోబిన్ తయారు చేసుకోలేదు కాబట్టి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అది కూడా జీవితాంతం. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వేసుకోవాలి. నా చెల్లెలు, మరిది ఇద్దరూ ఏ జబ్బూ లేనివాళ్లే. ఇద్దరూ క్యారియర్లు, అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మోసేవాళ్లు, ఆ సంగతి బిడ్డకు ఆర్నెల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 అనే ఒక్క రక్త పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. మన ఇళ్లలో గోత్రాలు చూస్తాం, జాతకాలు చూస్తాం, పెట్టుపోతలు మాట్లాడుకుంటాం, ఈ ఒక్క పరీక్ష గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. ఎత్తాలి. ఈ పరుగు నేను ఒప్పుకున్నది అందుకే.

ముంబై మారథాన్ 2004లో మొదలైంది. అప్పటి నుంచి సేవాసంస్థల కోసం దాని ద్వారా వందల కోట్ల రూపాయలు పోగయ్యాయి. ఆ వ్యవహారమంతా యునైటెడ్ వే ముంబై చూసుకుంటుంది. మనకు నచ్చిన సంస్థను ఎంచుకుని, మన పేరు మీద పేజీ తెరిచి, తెలిసినవాళ్లందరినీ అడగాలి. నేను లక్ష రూపాయలు అనుకున్నాను. అడగడం పరుగు కన్నా కష్టమైంది. మొదటి వారం ఎనిమిది మందికి మెసేజ్ పెట్టి, ఇద్దరి దగ్గర నుంచి జవాబు వస్తే చిన్నబోయాను. అప్పుడు అక్క, "నువ్వు నీ కోసం అడుగుతున్నావా? కాదు కదా, మరి సిగ్గెందుకు, ఫోన్ చేసి అడుగు" అని పక్కన కూర్చుని చేయించింది. మా కాలనీ కూరగాయల ఆమె యాభై రూపాయలు ఇచ్చింది. చిన్నప్పటి లెక్కల మాస్టారు ఐదు వేలు పంపారు. నిన్నటికి 1,12,400 అయింది.

రాత్రి తొమ్మిది ప్రాంతంలో షోలాపూర్ వచ్చింది. అక్కది సిరిసిల్ల దగ్గర పల్లె, పద్మశాలీల ఇల్లు. వాళ్ల బంధువుల్లో సగం మంది ఈ ఊళ్లోనే ఉన్నారట. ప్లాట్‌ఫాం మీద దుప్పట్లు అమ్ముతున్న కుర్రాడితో తెలుగులోనే బేరం చేసింది, అతనూ తెలుగులోనే జవాబిచ్చాడు. కొనలేదు కానీ వాళ్ల ఊరు, వీళ్ల ఊరు అన్నీ బండి కదిలేదాకా మాట్లాడుకున్నారు.

జనవరి 17, శుక్రవారం

తెల్లవారకముందే సీఎస్ఎంటీలో, అంటే ముంబై ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ స్టేషన్‌లో దిగాం. అక్క నన్ను నేరుగా టాక్సీ దగ్గరికి తీసుకెళ్లలేదు, సంచులతో సహా స్టేషన్ బయటకు నడిపించి ఎదురుగా రోడ్డు చూపించింది. "ఆదివారం మనం వచ్చేది ఈ వైపుకే. ఇప్పుడు ఒకసారి చూసుకో, ఆ రోజు వచ్చేటప్పటికి కొత్తగా ఉండొద్దు." పసుపు దీపాల్లో ఆ పాత రాతి స్టేషను, ఖాళీ రోడ్డు, ఊడుస్తున్న మునిసిపాలిటీ వాళ్లు. కడుపులో ఏదో కదిలినట్టయింది.

బస వర్లీలో, అక్క వాళ్ల మేనమామ ఇంట్లో. బీడీడీ చాల్ అంటారు, వందేళ్ల కిందటి బ్రిటిష్ కాలం నాటి మూడంతస్తుల కట్టడాలు, ఒక్కో కుటుంబానికి 160 చదరపు అడుగుల గది ఒక్కటే, మరుగుదొడ్లు అంతస్తుకు ఉమ్మడిగా. పక్కనే ఆ చాల్ వాళ్లకు ఇవ్వడానికి కొత్త టవర్లు లేస్తున్నాయి. మామ, అత్త, వాళ్ల చిన్న కొడుకు, కోడలు ఉండే ఆ ఒక్క గదిలో మాకు చోటు ఎలా దొరుకుతుందో అనుకున్నాను. కొడుకు, కోడలు రెండు రోజులు వాళ్ల స్నేహితుల ఇంటికి వెళ్లిపోయారు. ఎవరూ అడగలేదు, వాళ్లంతట వాళ్లే వెళ్లారు. అత్త సకినాల డబ్బా మూత తీసి వాసన చూసి, ఒకటి విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. ఇక్కడి నువ్వులకు ఆ రుచి రాదంది.

పక్క గది మరాఠీ ఆవిడ నా చేతిలో నువ్వులుండ పెట్టి "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంది. నువ్వులూ బెల్లం తీసుకోండి, తియ్యగా మాట్లాడండి అని. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా ఇక్కడ ఇలా పంచుకుంటూనే ఉంటారట. నేను మా నువ్వుల ముద్ద ఇచ్చాను.

మధ్యాహ్నం బిబ్ నంబర్లు, అంటే పరుగెత్తేవాళ్లు ఛాతీకి పెట్టుకునే నంబరు ముక్కలు, తెచ్చుకోవడానికి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో ఎక్స్‌పోకి వెళ్లాం. నా తప్పు వల్ల గంట పోయింది. ఫారంలో ఇంటిపేరు పొడి అక్షరంతో రాశాను, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిరగాల్సి వచ్చింది. ఆ గంటా అక్క క్యూలో నా వెనకే నిలబడింది, తన పని పది నిమిషాల్లో అయిపోయినా సరే. బిబ్ చేతికొచ్చాక చూస్తే, పరుగు మొదలుపెట్టే వరుసల్లో తనకు ముందు సెక్షన్, నాకు చివరి సెక్షన్ పడ్డాయి. తను ఇంతకుముందు రెండు గంటల ఆరు నిమిషాల్లో హాఫ్ పూర్తి చేసింది మరి. నేను బిబ్ మీది ఆ సెక్షన్ అక్షరం వంక చూస్తుంటే, "ముందుకు పోనివ్వరు గానీ వెనక్కి రానిస్తారు" అని బిబ్ మడిచి సంచిలో పెట్టేసింది.

నా కోసం తను వెనక్కి రావద్దని చాలాసార్లు అన్నాను, ఇక్కడ రాసి పెట్టుకోవాలి. పోయిన మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద మొదటిసారి పరుగెత్తినప్పుడు రెండు లైటు స్తంభాల మధ్య దూరం కూడా నేను ఆగకుండా వెళ్లలేకపోయాను. అక్క ఒక స్తంభం దాకా పరుగు, ఒక స్తంభం దాకా నడక అని మొదలుపెట్టించింది. ఎనిమిది నెలలు, వారానికి మూడు రోజులు, పొద్దున ఐదింటికి. ఈసారి రెండు గంటల లోపు రావాలని తనకు కోరిక ఉందని నాకు వేరేవాళ్లు చెప్తే తెలిసింది. నేను అడిగితే, "ముంబై ఎక్కడికీ పోదు, మళ్లీ యేడు వస్తా. నువ్వు మొదటిసారి పరుగెత్తేది మాత్రం ఒక్కసారే" అంది. ఇంకేం మాట్లాడను?

ఎక్స్‌పోలో కొత్త సాక్సులు కొనబోతే చేతిలోంచి లాక్కుని తిరిగి పెట్టేసింది. పరుగు రోజున ఒంటి మీద కొత్తది ఏదీ ఉండకూడదు. పాత సాక్సులు, పాత బూట్లు, అలవాటైన తిండి, అంతే.

జనవరి 18, శనివారం

ఈ రోజు పనేమీ లేదు, కాళ్లకు విశ్రాంతి. పొద్దున వర్లీ సముద్రం ఒడ్డున పదిహేను నిమిషాలు మెల్లగా పరుగెత్తి వచ్చాం. సముద్రం మీద బాంద్రా-వర్లీ వంతెనను సీ లింక్ అంటారు, అక్కడి నుంచి దాని తీగలు కనిపిస్తాయి. రేపు దాని మీదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ గోడకున్న క్యాలెండర్ వంక చూసి, "ఇయ్యాల జనవరి 18 కదా" అన్నాడు. 1982లో ఇదే తేదీన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వం, రెండు లక్షల మందికి పైగా కార్మికులు. మామ పదిహేడేళ్లప్పుడు సిరిసిల్ల నుంచి వచ్చి మిల్లులో మగ్గాల విభాగంలో చేరాడు, సమ్మెనాటికి ఇరవై ఐదేళ్లు, పెళ్లయి ఒక బిడ్డ. సమ్మె ఏడాది దాటింది. విరమించామని ఎవరూ అధికారికంగా చెప్పలేదు కానీ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొంతమంది మరమగ్గాలున్న భివండీ పోయారు, కొంతమంది సిరిసిల్లకు తిరిగిపోయి మరమగ్గాల మీద చేరారు. మామ వాచ్‌మన్ పని చేశాడు.

"ఈ మెట్ల మీద బియ్యం డబ్బా ఉండేది" అని చెప్పాడు మామ. మెట్ల మలుపు దగ్గర ఒక రేకు డబ్బా పెట్టేవారట. ఎవరింట్లో బియ్యం ఉంటే వాళ్లు ఒక గ్లాసు పోసేవారు, లేనివాళ్లు ఒక గ్లాసు తీసుకునేవారు. ఎవరు పోశారో, ఎవరు తీసుకున్నారో చూడకూడదని ఆ మలుపులో దీపం కూడా పెట్టలేదు. అత్త తలవంచుకుని ఉల్లిగడ్డలు తరుగుతూ, "మనం తీస్కున్నది ఎక్కువ" అంది మెల్లగా. మామ మాట్లాడలేదు. సాయంత్రం నేను ఆ మలుపు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాను. గోడకు ఆనించి పాత సైకిలు, తులసి కుండీ ఉన్నాయి.

రాత్రి ఏడింటికే పెరుగన్నం. అక్క రెండు బిబ్‌లూ నేల మీద పరిచి వెనక వైపు పెన్నుతో బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసింది. తర్వాత నాలుగు పిన్నీసులతో నా టీషర్టుకు బిబ్ పెట్టింది. ఒక్కో పిన్నీసు గుచ్చాక టీషర్టును నా భుజాలకు ఆనించి, చేతులు ఊపమని, ముడత పడుతుందేమో చూసి, మళ్లీ తీసి అంగుళం కిందికి పెట్టింది. వీపు వైపు చిన్నోడు గీసిచ్చిన బొమ్మ గుడ్డ ముక్క మీద కుట్టించి తెచ్చాను: ఒక రక్తం సంచి, దానికి రెండు కాళ్లు, ఎర్ర బూట్లు. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "పెళ్లికి ముందు హెచ్‌బీఏ2" అని రాయించాను. అది వాడి ఆలోచనే.

తొమ్మిదింటికి పడుకున్నాం. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. పన్నెండున్నరకి అక్క చీకట్లోనే, "కండ్లు మూసుకుని పండుకున్నా చాలు, కాళ్లకు అదే నిద్ర" అంది. తనూ మేలుకునే ఉందన్నమాట.

జనవరి 19, ఆదివారం

మూడింటికి లేచాం. అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు, అత్త పెట్టిన టీ. టాక్సీవాడు పరుగు మొదలయ్యే మాహిం దాకా రాకముందే రోడ్లు మూసేశారని దింపేశాడు. చివరి కిలోమీటరున్నర నడిచాం, మాతోపాటు వందల మంది. మాహిం రేతీ బందర్ దగ్గర ఖాడీ (సముద్రపు పాయ) వాసన, ఎండుచేపల వాసన, నొప్పులకు రాసుకునే మందుల వాసన అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఈసారి అన్ని విభాగాలూ కలిపి 60 వేల మందికి పైగా పరుగెత్తుతున్నారు. ఐదింటికి హాఫ్ మొదలైంది, చివరి సెక్షన్‌లో ఉన్న మేము గీత దాటేటప్పటికి ఐదూ ఇరవై.

మా లెక్క నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. వాచీ అక్క చూస్తుంది, నేను చూడకూడదు. మొదటి కిలోమీటరులో అందరూ మమ్మల్ని దాటుకుని పోతుంటే నాకు తెలియకుండానే వేగం పెంచాను. అక్క ఏమీ అనలేదు. మోచేయి దగ్గర రెండు వేళ్లతో మెల్లగా తాకింది. తగ్గించాను.

ఈ మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నాకు అర్థమైంది ఈ సీ లింక్ మీదే. పక్కన పరుగెత్తే మనిషి మనకంటే బలమైనవాళ్లయితే, తెలియకుండానే అర అడుగు ముందుంటారు. అప్పుడు మనం వాళ్లను అందుకోవాలని ప్రయత్నిస్తాం, వాళ్లు ఇంకొంచెం ముందుకు జరుగుతారు, పది నిమిషాల్లో మనకు ఊపిరి ఆడదు. అక్క ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నా ముందు లేదు. సరిగ్గా అర అడుగు వెనక, కుడి పక్కన. తన అడుగుల చప్పుడు వినిపిస్తుంది, మనిషి కంటి కొసకు మాత్రమే కనిపిస్తుంది. ఎంత దూరం పోవాలో, ఎంత వేగంతో పోవాలో నాకే వదిలేస్తుంది. ఇన్నాళ్లూ అది తన అలవాటనుకున్నాను. రెండు గంటల ఆరు నిమిషాల్లో వచ్చే మనిషి, కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలకు పైగా పట్టే మనిషి వెనక ఉండాలంటే ప్రతి అడుగునూ బిగపట్టి వేయాలి. అది అలవాటు కాదు, పని.

సీ లింక్ 5.6 కిలోమీటర్లు. 2009లో తెరిచారు. మామూలు రోజుల్లో కాలినడకన ఎవరినీ రానివ్వరు, బైకులకూ లేదు. ఈ ఒక్క పొద్దున మాత్రం అంతా మనుషులే. చీకటి, రెండు పక్కలా సముద్రం నల్లగా, తలపైన తీగలు దీపాల వెలుగులో తెల్లగా పైకి పోతున్నాయి. ఒక్క హారన్ లేదు. ముంబైలో ఒక్క హారన్ లేకుండా వేల జతల బూట్ల చప్పుడు, వాన పడుతున్నట్టు. మా ముందు ఒక అంధుడైన యువకుడు, అతని మణికట్టుకూ తోడు పరుగెత్తే మనిషి మణికట్టుకూ మధ్య జానెడు తాడు. "జోడు వస్తోంది, అడుగు ఎత్తు... ఎడమకు కొంచెం... అంతే" అని హిందీలో ఆ తోడు మనిషి ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. వంతెన జోడింపు దగ్గర ఇనుప పట్టీ వచ్చిన ప్రతిసారీ ఇద్దరి కాళ్లూ ఒకేసారి లేచాయి. కొంతసేపు వాళ్ల వెనకే వెళ్లాం, తర్వాత వాళ్లు మమ్మల్ని వదిలి ముందుకు పోయారు.

ఎక్కడో ఆరో కిలోమీటరు దగ్గర ఒక కుర్రాడు నా పక్కకొచ్చి, వెనక ఆ బొమ్మ ఏమిటని అడిగాడు. ముక్కముక్కలుగా, ఊపిరి దొరికినప్పుడల్లా చెప్పాను. మే నెలలో తన పెళ్లట. పరీక్ష పేరు రెండుసార్లు పైకి అనుకున్నాడు, "హెచ్‌బీఏ2, హెచ్‌బీఏ2" అని, తర్వాత బొటనవేలు చూపించి వెళ్లిపోయాడు. చేయించుకుంటాడో లేదో నాకు తెలియదు. ఆ రెండుసార్లు అనుకోవడం మాత్రం చెవుల్లో ఉండిపోయింది.

ఆరున్నరకు వర్లీ. రోడ్డు పక్కన జనంలో మామ మంకీ క్యాప్‌తో నిలబడి ఉన్నాడు, చేతిలో స్టీలు చెంబు. "ఆగకుర్రి, ఆగకుర్రి, నడుసుకుంట తాగుర్రి" అని మాతోపాటు పది అడుగులు వచ్చాడు. ఉప్పు, నిమ్మకాయ పిండిన నీళ్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు నొప్పులు, పొద్దున్నే వచ్చి ఎంతసేపు నిలబడ్డాడో. చెంబు తిరిగి ఇస్తూ దండం పెట్టబోతే, చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

హాజీ అలీ దాటాక పెడ్డర్ రోడ్డు. దీని గురించి అందరూ ముందే భయపెట్టారు, ఎక్కుడు ఎక్కుడు అని. నిజమే, పొడుగ్గా ఉంది. అయితే ఆ రోడ్డు వాళ్లు అందరూ ఇళ్లలోంచి కిందికి వచ్చేశారు. ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని, పిల్లలు పళ్లేలలో నారింజ తొనలు, బిస్కెట్లు, చిక్కీ ముక్కలు పట్టుకుని. ఒకచోట డోలు వాయిస్తున్నారు. లతా మంగేష్కర్ గారు ఉన్న ప్రభుకుంజ్ ఈ రోడ్డు మీదే, అక్క చేత్తో చూపించింది, నేను తల తిప్పి చూసే స్థితిలో లేను. ఒక ఐదారేళ్ల పాప నారింజ తొన అందించి నేను తినేదాకా నా మొహమే చూసింది. ఎక్కుడు చివరికి వచ్చేటప్పటికి తెల్లారింది.

చౌపాటీ దగ్గర, పదిహేనో కిలోమీటరు దాటాక, ఎడమ పిక్క పట్టేసింది. రాయిలా అయిపోయింది. కాలు కింద పెడితే ప్రాణం పోతోంది. పక్కకు జరిగి ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. అక్క మోకాళ్ల మీద కూర్చుని నా మడమ తన తొడ మీద పెట్టుకుని, పాదాన్ని నా వైపు వంచి పట్టుకుంది. పెద్దగా మాటలేమీ లేవు. బూటు కింద మట్టి తన ప్యాంటుకు అంటుకుంటోంది. తన నడుం సంచిలోంచి పల్లీ పట్టీ ముక్క, ఉప్పు పొట్లం తీసి ఇచ్చింది. పొట్లం చిన్న కాగితం, మడతల దగ్గర అరిగిపోయి ఉంది. ఎనిమిది నెలలుగా ప్రతి పరుగుకూ అది తన సంచిలో ఉంది, ఒక్కసారి కూడా అవసరం పడలేదు, అయినా మోస్తూనే ఉంది.

"నువ్వు వెళ్లక్కా. నేను నడుచుకుంటూ వస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను. కళ్లలో నీళ్లు వచ్చేశాయి, నొప్పికో దేనికో.

అక్క పాదం వదల్లేదు. "చిన్నోడు సూది గుచ్చేటప్పుడు ఏమంటడు?" అని అడిగింది.

వాడు ఏమీ అనడు. ఒకటి నుంచి లెక్కపెడతాడు. నరం దొరక్కపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు.

లేచాను. మెరీన్ డ్రైవ్ మొత్తం కళ్ల ముందు వంపు తిరిగి ఉంది, కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన ఆ పాత గుండ్రటి బాల్కనీల ఇళ్లు. ఈ వంపే మూడు కిలోమీటర్లు. రాత్రుళ్లు ఈ దీపాలన్నీ వెలిగితే క్వీన్స్ నెక్లెస్ అంటారు కదా. అక్క వేలితో మొదటి స్తంభం చూపించింది. మన నెక్లెస్ రోడ్డు మీద మొదటి రోజు ఎలాగో అలాగే. ఒక స్తంభం దాకా పరుగు, ఒక స్తంభం దాకా నడక. నేను ఒకటి నుంచి లెక్కపెట్టాను. లెక్క తప్పినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి. పక్కన ఎవరో వేలు చూపించి "ఇంకా కొంచెమే, ఇంకా కొంచెమే" అని అరుస్తున్నారు, అప్పటికి ఇంకా చాలా ఉంది, అయినా ఆ మాట తీపిగానే ఉంది.

చర్చ్‌గేట్ మలుపు, ఫ్లోరా ఫౌంటెన్, జనం, బారికేడ్లు. ఆఖరి రెండు వందల మీటర్లలో నడక వంతు వచ్చినా అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. గీత దాటాక వెనక్కి తిరిగి చూస్తే తను అక్కడే ఉంది, వాచీ నొక్కుతూ. రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు. పట్టుకుని ఏడ్చేశాను. తనూ ఏడ్చింది, అది నేను మొదటిసారి చూడటం.

మెడల్ మెడలో వేసుకుని ఆజాద్ మైదానం పక్కన కూర్చుంటే డ్రీమ్ రన్ వాళ్ల సందడి మొదలైంది. 5.9 కిలోమీటర్లు, ఎక్కువమంది సేవాసంస్థల వాళ్లే, రంగురంగుల వేషాలు, చేతుల్లో అట్టలు. చక్రాల కుర్చీల్లో పిల్లలు, వాళ్ల వెనక తోస్తూ అమ్మలు. వడాపావ్ తిన్నాం, తలా రెండు. పచ్చిమిరపకాయ కూడా వదల్లేదు.

జనవరి 20, సోమవారం

మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగడమే నరకం. చాల్ మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకుని పక్కకు తిరిగి దిగాం, అత్త కింద నిలబడి చేయి అందించింది. మామ ఏమీ చెప్పకుండా నా చేతిలో ఐదు వందలు పెట్టాడు, "ఆ పిలగాని కోసం" అన్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. అది పేజీలో కలిపాను, పేరు వద్దన్నాడు, పేరు లేకుండానే కలిపాను. 1,12,900.

రాత్రి సీఎస్ఎంటీలో బండి ఎక్కి కూర్చున్నాక ఫోన్‌లో ఫలితాలు చూశాం. నా పేరు ఎదురుగా 2:54:11. అక్క పేరు వెతికితే 2:54:12.

ఒక్క సెకను. ఆఖరి గీత దగ్గర కూడా.

చూపించాను. అద్దాలు పెట్టుకుని చూసి, "ఆ, సరే" అని ఫోన్ తిరిగి ఇచ్చేసి పై బెర్తు మీద దుప్పటి పరవడానికి లేచింది. కాళ్లు నొప్పులు కదా, నేను ఎక్కుతాను అంటే వినలేదు.

చిన్నోడు వీడియో కాల్ చేశాడు. మెడల్ కెమెరా ముందు పెట్టమని, తిప్పమని, రెండో వైపు చూపించమని అడిగాడు. వాడికి శుక్రవారం 24న రక్తం ఎక్కించాలి, అందుకే ఈ నాలుగు రోజులూ మొహం పాలిపోయి, మాట నీరసంగా ఉంటుంది, ప్రతిసారీ ఇంతే. "నా బొమ్మ ఎంతమంది చూశారు?" అన్నాడు. చాలామంది అన్నాను. అక్క పై నుంచి తల కిందికి వంచి, "చిన్నోడా, నేను 30న ఇస్తున్న, నువ్వు వస్తవా బ్యాంకుకి?" అని అడిగింది. తనకు నాలుగు నెలలు ఎప్పుడో నిండాయి, పరుగు ఉందని ఆపుకుంది.

వాడు అమ్మను అడిగి చెప్తానన్నాడు. జ్యూస్ ప్యాకెట్ ఇస్తారా అని అడిగాడు. ఇస్తారంది.